ఒడ్డు పేరు, దీవి పేరు

పోయిన వారం మనం కోడల్ని మీట మీద వేలు పెట్టి ఉండగా వదిలేశాం. నొక్కుతుందా, మానుతుందా అని మీలో కొందరైనా అనుకునే ఉంటారు. నొక్కేసింది.

ఏం నొక్కిందో, ఎందుకు నొక్కిందో, ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పాలి. సముద్రానికి ఇవతల ఒడ్డు, అవతల దీవి. దీవివాళ్ళు తమ నేలను ఒక పేరుతో పిలుచుకుంటారు, అది దేశమంటారు. ఒడ్డువాళ్ళు దాన్నే ఇంకో పేరుతో పిలుస్తారు, అది తమ జిల్లా అంటారు. ఈ తగువు ముదిరి పడవలు ఆగిపోయి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు అటూ ఇటూ మాటలు మోసేది ఒక చిన్న యాప్ మాత్రమే. ఎవరో పుణ్యాత్ములు లాభం చూసుకోకుండా నడుపుతున్నారు. దాని తెర మీది మాటల్ని మన భాషలోకి తెచ్చే జట్టులో కోడలు చేరింది. 'మీ దేశం ఎంచుకోండి' అన్నచోట వచ్చే దేశాల వరసలో ఆ దీవికి ఏ పేరు పెట్టాలి? కోడలు దీవి పేరు పెట్టింది. తప్పొప్పులు చూసే మనిషి కుదరదంది.

ఆ జట్టులో ఎవరూ ఎవరి మొహమూ చూడరు. అందరికీ మారుపేర్లే. కోడలు 'పిచ్చుక'. తప్పొప్పులు చూసే మనిషి 'తూనికరాయి'. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప మాట ముందుకి కదలదు. ఈ పిచ్చుక ఆ రాయిని ముక్కుతో పొడుస్తూనే ఉంది, రాయి కదలకుండా కూర్చునే ఉంది. చివరికి జట్టు పెద్ద, ఊరి లైబ్రేరియన్ గారు, విసిగిపోయి "సరే, మీ మాటే కానివ్వండి" అని కోడలి చేతికి పెత్తనం ఇచ్చేశారు. అప్పుడు నొక్కింది.

ఇంత పట్టుదల ఎందుకూ అంటే, కోడలి అత్తగారు పుట్టింది ఆ దీవిలో. ప్రతి గురువారం సాయంత్రం అక్కగారితో మాట్లాడాలని ఆవిడ యాప్ తెరిచినప్పుడల్లా, అక్క పేరు పక్కన ఒడ్డువాళ్ళు పెట్టిన పేరే కనబడుతుంది. తను పుట్టిన నేలకి పరాయివాళ్ళు పెట్టిన పేరు! అత్తగారు ఏనాడూ ఏమీ అనలేదు. కోడలే చూసి నొచ్చుకుంది. ఈ గురువారం తెర తెరిచేసరికి అక్కడ సొంత పేరు మెరవాలి, అత్తగారి మొహం ఎలా మారుతుందో పక్కన నిలబడి చూడాలి. అంతే కోరిక. ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ గురువారం.

*

మీట నొక్కిన కాసేపటికి తూనికరాయి దగ్గర్నుంచి ఒక్క వాక్యం వచ్చింది. 'తప్పు చేశారు, పిచ్చుక గారూ.'

అంతే. వాదన లేదు, వివరణ లేదు. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి కోడలు ల్యాప్‌టాప్ మూసేసింది. "గెలిచినదాన్ని కూడా సుఖంగా ఉండనివ్వడు" అని గొణుక్కుంటూ బీన్స్, కత్తి, పళ్ళెం తీసుకుని హాల్లోకి వచ్చింది. తూనికరాయి మగవాడేనని ఆవిడ మొదట్నుంచీ తీర్మానించుకుంది. ఆడవాళ్ళకి అంత మొండితనం ఉండదని ఒక నమ్మకం. తన సంగతి గుర్తులేదు కాబోలు.

అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. భోజనానికి వచ్చిన కొడుకు చెయ్యి కడుక్కుని, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"అమ్మా, ఇది కాస్త చూసిపెట్టు. కొట్టు కరపత్రం. సాయంత్రం ప్రెస్సువాడికి ఇచ్చేయాలి."

ఆయనది కళ్ళజోళ్ళ కొట్టు. బజారులో ఎదురుగా ఇంకో కళ్ళజోళ్ళ కొట్టు వెలిసిన దగ్గర్నుంచి కరపత్రాల పిచ్చి పట్టుకుంది.

"కళ్ళజోళ్ళవాడి కరపత్రంలోనే తప్పులుంటే ఇంక నీ దగ్గర జోడు కొనేదెవరురా?" అంటూ అత్తగారు అద్దాలు పెట్టుకుంది.

"అందుకే కదమ్మా నీ దగ్గరికి తెచ్చింది. ఎదురుకొట్టువాడికి ఇలాంటి అమ్మ లేదు."

"ఉబ్బెయ్యకు. పెన్సిలియ్యి."

ఆవిడ కాగితాన్ని ఒళ్ళో అట్ట మీద పరిచి, ఒక కార్డుముక్క తీసుకుని పై వాక్యాలన్నిటినీ కప్పేసింది. అట్టడుగున ఉన్న వాక్యం ఒక్కటే కనబడుతోంది. దాన్ని పెదవులు కదుపుతూ చదివింది. కార్డుముక్కని ఒక్క పిసరు పైకి జరిపింది. ఆ పై వాక్యం చదివింది. మళ్ళీ జరిపింది.

బీన్స్ తరుగుతున్న కోడలి చెయ్యి ఆగిపోయింది.

"అదేంటత్తయ్యా, కింది నుంచి పైకి చదువుతున్నారు?"

"మరి ఎలా చదవాలి? పైనుంచి చదివితే అర్థమవుతుంది. అర్థమైపోతే తప్పు కనబడదు. ప్రెస్సులో చేరిన రోజున మా పెద్ద ప్రూఫ్‌రీడరు నేర్పిన మొదటి పాఠం అదే."

"నా ప్రోగ్రెస్ కార్డు కూడా ఇలాగే చదివేది" అన్నాడు కొడుకు చెప్పులు వెతుక్కుంటూ. "ముందు ర్యాంకు చూసి తిట్టేది. మార్కుల దాకా వచ్చేసరికి నేను వీధిలో ఉండేవాణ్ణి."

"ఇప్పుడు మాత్రం ఎక్కడున్నావు? ఇదిగో, 'కంటి పరీక్ష ఉచితం' అన్నావు, కింద చుక్క గుర్తు పెట్టి 'షరతులు వర్తిస్తాయి' అన్నావు. ఆ షరతులేమిట్రా?"

"అది అందరూ పెడతారమ్మా."

"అందరూ పెడితే తీసెయ్. లేని షరతుకి చుక్కెందుకు?"

ఆయన నవ్వుకుంటూ కాగితం పట్టుకుని కొట్టుకి వెళ్ళిపోయాడు. వీధి తలుపు పడిన చప్పుడు కూడా కోడలి చెవికెక్కలేదు.

తూనికరాయి అభ్యంతరాలు ఎప్పుడూ తోక నుంచే మొదలయ్యేవి. తను దేశాల పేర్లు ఒక కట్టగా పంపితే, మొదటి జవాబు చివరి దేశం మీద వచ్చేది, మొదటి దేశం సంగతి అందరికన్నా చివర. ఇదేం చోద్యమని ఒకసారి ఎగతాళి కూడా చేసింది. 'మీరు నవలలు కూడా చివరి పేజీ నుంచి చదువుతారా, రాయి గారూ?' దానికి జవాబు వచ్చింది. 'నవలలు మొదటి నుంచే చదువుతాను. తప్పులు వెతికేటప్పుడు మాత్రం చివరి నుంచి.'

భోజనాలయ్యాక అత్తగారు ట్యాబ్ పట్టుకుని గదిలోకి వెళ్ళేది. వార్తలు చదువుకుంటానని. తూనికరాయి జవాబులు చాలామటుకు ఆ వేళకే వచ్చేవి. ఆవిడ పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజున రాయి ఉలుకూపలుకూ లేకుండా ఉంది. ఇంటికొచ్చి చుక్కలు వేసుకుని పడుకున్న మర్నాడు కూడా అంతే.

కోడలు అత్తగారి వంక చూసింది. నెరిసిన జడ, ముక్కు మీదికి జారిన అద్దాలు, చూపుడువేలి పక్కన పెన్సిల్ రాసి రాసి గట్టిపడ్డ చర్మం. ఇన్నేళ్ళుగా ఒకే కప్పు కింద, ఒకే గిన్నెలో వండుకు తింటున్న మనిషి. అడగాలంటే నోరు పెగల్లేదు. అడక్కుండా ఉండాలంటే ప్రాణం ఊరుకోలేదు. చివరికి పళ్ళెంలోకి చూస్తూ, తనకి తనే వినబడనంత చిన్నగా అంది.

"రాయి గారూ."

అత్తగారు తలెత్తలేదు. అద్దాలు తీసి, చీర కొంగుతో తుడుస్తూ, నిమ్మకు నీరెత్తినట్టు పలికింది.

"ఏం పిచ్చుకా?"

*

బీన్స్ పళ్ళెం నేల మీదికి జారింది. కోడలు ఏరే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"మీకు తెలుసా! ఎప్పట్నుంచి?"

"మొదటి వారం తెలీదు" అంది అత్తగారు. "రెండో వారంలో తెలిసింది. నేను ఇక్కడ 'కుదరదు' అని పంపానా, వంటింట్లో గిన్నె దభీమనేది. ఒకసారంటే చెయ్యి జారిందనుకోవచ్చు. ప్రతిసారీ జారుతుందా? సరే చూద్దామని ఒకరోజు 'చాలా బాగుంది, కానివ్వండి' అని పంపా. లోపల్నుంచి కూనిరాగం."

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ముందు కోపం గెలిచింది.

"తెలిసీ ఊరుకున్నారా అత్తయ్యా? పక్కగదిలో ఉండి నన్ను ఇన్నాళ్ళు ఆడించారా? నేను మిమ్మల్ని ఏమేం అన్నానో తెలుసా?"

"తెలియకేం? నాకే కదా వచ్చాయి. 'మీకు పుట్టిన ఊరంటూ ఒకటి ఉంటే తెలిసేది' అన్నావు."

"అయ్యో..."

"'బండరాయికైనా వానాకాలంలో నాచు పడుతుంది, మీకు ఆ పాటి తడి కూడా లేదు' అన్నావు. అది బాగా రాశావు. పోయిన గురువారం అక్కకి చదివి వినిపించా. పడీపడీ నవ్వింది. 'ఆ పిచ్చుక ఎవరే, ముద్దొస్తోంది' అంది."

కోడలు రెండు చేతుల్లో మొహం దాచుకుంది. వేళ్ళ సందులోంచి మాట వచ్చింది. "ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యా. ఆ రాయిని నేనేనని."

అత్తగారు కాసేపు ఆలోచించింది. జవాబుని కూడా కింది నుంచి ఒకసారి చదువుకుంటున్నట్టు.

"చెబితే ఏం చేసేదానివి? సగం మాటలు మింగేసేదానివి. అత్తగారు కదా, నొప్పించకూడదు అని. రాయితో అయితే కడిగి పారేశావు. అదొకటి. ఇంకోటి..." గొంతు కొంచెం తగ్గింది. "ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి నన్ను అందరూ బాగానే చూశారు. మీ మామగారు దేవుడు. కానీ మా దీవి మాటొస్తే అందరూ మర్యాదగా వేరే మాటలోకి వెళ్ళిపోయేవారు. నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టనట్టు. దానికోసం పోట్లాడిన మనిషిని నేను ఈ ఒడ్డు మీద చూడలేదు. నువ్వు రోజూ పోట్లాడుతున్నావు. వింటుంటే... ఆపబుద్ధి కాలేదే అమ్మాయ్."

కోడలు లేచి వెళ్ళి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. అడగాల్సింది ఇంకా అడగలేదు.

"మరి మీరెందుకు ఒప్పుకోలేదు? అది మీరు పుట్టిన చోటు. మీవాళ్ళు పెట్టుకున్న పేరు. నేనెవరి కోసం అంత గొడవపడ్డాననుకున్నారు? మీకోసమే కదా! ఇంకెవరు కాదన్నా నాకు బాధ లేదు. మీరే కాదంటే ఎలా?"

"నాకోసమని తెలుసు. అందుకే ఇంకా గట్టిగా కాదన్నాను."

"అర్థం కాలేదు."

అత్తగారు కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "ప్రెస్సులో స్కూలు పిల్లల అట్లాసులు వేసేవాళ్ళం. ఒక ఏడాది మా దీవి మీద మా పేరుతోనే అచ్చైపోయింది. ఎవరి పొరపాటో తెలీదు. పుస్తకాలు కుట్టేశాక పైనుంచి మాట వచ్చింది, మార్చమని. మళ్ళీ అచ్చు వెయ్యడానికి వ్యవధి లేదు. ఒడ్డు పేరు చిన్న చిన్న చీటీలుగా వేయించి, జిగురు పెట్టి, ప్రతి పుస్తకంలో దీవి మీద అంటించమన్నారు. ఆడవాళ్ళందరం వరసగా కూర్చుని అంటించాం. నేనూ అంటించాను. మా ఇల్లు సరిగ్గా ఆ చీటీ కిందికి వచ్చేది."

"మీ చేత్తోనా!"

"నా చేత్తోనే. అందరూ నాలుగు మూలలా జిగురు రాసేవారు. నేను మూడు మూలలకే రాసేదాన్ని." అత్తగారి కళ్ళల్లో చిలిపితనం మెరిసింది. "పిల్లలున్న చోట ఒక మూల ఊడి ఉంటే చాలదూ? వాళ్ళే పీకి చూసుకుంటారు."

కోడలు ఫక్కున నవ్వింది. అత్తగారు కూడా నవ్వబోయి ఆగింది.

"కాగితానికైతే అలా చెయ్యొచ్చు. అట్లాసుని ఎవరూ మూసెయ్యరు. యాప్‌ని మూసేస్తారు. దీనికి ముందు ఇంకోటి ఉండేది, నువ్వు ఈ ఇంటికి రాకముందు మాట. దాంట్లో ఎవరో నీలాంటి మంచిమనిషే మా పేరు పెట్టింది. ఇక్కడ ఫోన్ల శాఖవాళ్ళు చూశారు. తెల్లారేసరికి ఒడ్డు మీద ఏ ఫోన్లోనూ తెరుచుకోలేదు. పడవలు అప్పుడూ కొన్నాళ్ళు ఆపేశారు. ఆ మధ్యలోనే మా బావగారు పోయారు. నాకు తెలీదు. గురువారం గురువారం ఫోను ముందు కూర్చునేదాన్ని. ఎలాగో కబురు చేరేసరికి అక్క ఆయన చొక్కాలన్నీ ఎవరెవరికో పంచేసింది కూడా. ఒకటి నాకోసం దాచమని అడగడానికి కూడా లేకపోయింది."

అత్తగారు ఒళ్ళో అట్ట మీది కార్డుముక్కని తిన్నగా సర్దింది.

"ఇప్పుడు అక్కకి నేనూ, నాకు అక్కా. మధ్యలో ఈ యాప్. దాని మీద ఏ పేరున్నా నేను భరిస్తాను. ఒడ్డు పేరు చూస్తే ఒళ్ళు మండదా అంటే మండుతుంది. మండితే మండనీ, అక్క గొంతు వినబడుతుంది కదా. ఇది రాయిగా నీకు రాయలేను. రాస్తే నేనెవరో తెలిసిపోతుంది. అందుకే ఉత్తి 'కుదరదు' అని రాస్తూ వచ్చా."

కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఇంత సేపూ అత్తగారి మాటలు వింటూ తను మర్చిపోయిన సంగతి ఇప్పుడు కళ్ళముందుకొచ్చింది.

"అత్తయ్యా... నేను పొద్దున్నే నొక్కేశాను."

"తెలుసు. 'తప్పు చేశారు' అన్నాను కదా."

"అంత తాపీగా అంటారేంటి!"

"మరి గిన్నెలు పగలగొట్టనా? లే. ఆ లైబ్రేరియన్‌కి ఫోన్ చెయ్యి."

*

లైబ్రేరియన్ గారు మధ్యాహ్నం కునుకులో ఉన్నట్టున్నారు. గొంతు బరువుగా ఉంది.

"సార్, నేను పిచ్చుకని. పొద్దున పెట్టిన పేరు వెనక్కి తీసుకోవాలి. దయచేసి ఆపండి."

"పిచ్చుక గారూ, నెల్లాళ్ళు నా ప్రాణం తీసింది ఆ పేరు పెట్టమని కదమ్మా?"

"అవును సార్. ఇప్పుడు తీసెయ్యమని తీస్తున్నాను. తూనికరాయి గారు కూడా ఇక్కడే ఉన్నారు."

"ఆవిడ అక్కడుండక ఎక్కడుంటారు? అత్తగారేగా."

కోడలు నోరు తెరిచింది. ఫోను స్పీకర్లో ఉంది కాబట్టి అత్తగారు కూడా విన్నది.

"మీకు తెలుసా?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"జట్టులో చేరినప్పుడు మీరిద్దరూ నాకు చూపించిన లైబ్రరీ కార్డుల మీద ఒకే ఇంటి నంబరు. తెలియకపోవడమేమిటి? ఇంట్లో మొహమొహాలు చూసుకోవడం మానేసి, నా చేత రాయబారం చేయిస్తున్నారనుకున్నాను. కుటుంబ విషయాల్లో తలదూర్చకూడదని ఊరుకున్నాను." నిద్రమత్తు పూర్తిగా వదిలింది ఆయనకి. "కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది తల్లీ. ఇందాకే పంపించేశాను. ఇప్పుడది యాప్ నడిపేవాళ్ళ చేతుల్లో ఉంది. ఫోన్లలోకి వెళ్ళడం మొదలైపోయి ఉంటుంది."

"వాళ్ళకి రాస్తే వెనక్కి తీసుకోరా?"

"పాత పేరు మళ్ళీ పెట్టమని రాస్తే దీవివాళ్ళు ఊరుకుంటారా? ఇచ్చి లాక్కున్నట్టుంటుంది. మీరిద్దరూ ఒప్పుకునే మాట ఏదైనా ఉంటే చెప్పండి, వెంటనే పంపుతాను. ఇద్దరూ అంటే ఇద్దరూ. ఒకరు రాసి ఒకరు కుదరదంటే నేను ఫోను తియ్యను."

నేల మీది బీన్స్ అలాగే ఉన్నాయి. అత్తాకోడళ్ళు భోజనాల బల్ల దగ్గర పక్కపక్కన కూర్చున్నారు. ఇన్నాళ్ళూ గోడకి అటొకరూ ఇటొకరూ ఉండి చేసిన పని, మొదటిసారి ఒకే తెర ముందు.

"రెండు పేర్లూ పెడదాం" అంది కోడలు. "మధ్యలో గీత గీసి."

"ముందు ఎవరిది?"

కోడలు నీళ్ళు నమిలింది. "దీవిది."

"మూసేస్తారు."

"పోనీ ఒడ్డుది ముందు."

"ఇచ్చి వెనక్కి నెట్టారని అక్క యాప్ తీసేస్తుంది. దానికి నాకన్నా పొగరెక్కువ."

"అయితే పైన 'దేశం' అనే మాట తీసేసి 'దేశం లేదా ప్రాంతం' అని పెడదాం. ఏది దేశమో ఏది ప్రాంతమో మనం చెప్పక్కర్లేదు. చూసేవాళ్ళు ఎవరికి నచ్చినట్టు వాళ్ళు చదువుకుంటారు."

"అది కొంత నయం" అంది అత్తగారు. "కానీ కింద పేరు ఏదో ఒకటి ఉండాలిగా? పైన ఎన్ని గొడుగులు పట్టినా కింద తల ఒక్కటే."

కోడలు తల పట్టుకుంది. అత్తగారు తెర మీది మాటల వంక చూస్తోంది. అలవాటు చొప్పున చిట్టచివరి వరస దగ్గర్నుంచి మొదలుపెట్టి పైకి. 'కొనసాగించండి.' దాని పైన, 'మీ నంబరు.' దాని పైన, 'మీ దేశం ఎంచుకోండి.'

"అమ్మాయ్, అసలు ఈ దేశం ఎందుకడుగుతున్నారు?"

"నంబరు ముందు ఏ కోడ్ పెట్టాలో తెలియాలి కదత్తయ్యా. దేశం ఎంచుకుంటే అది దానంతట అదే వస్తుంది."

"దీవి కోడ్ ఏది?"

"దీవికి వేరే ఉంది. తగువు పెద్దదయ్యేముందే ఇచ్చారు. దాన్ని ఎవరూ మార్చలేదు."

"ఒడ్డువాళ్ళకి దాంతో పేచీ లేదా?"

"అంకెలతో ఎవరికి పేచీ?"

అన్నాక కోడలే ఆగిపోయింది. అత్తగారు అద్దాల పైనుంచి చూసింది.

"మరి అంకెలే అడగొచ్చుగా? అక్కతో మాట్లాడాలంటే నేను దాని దేశం పేరు చెప్పాలా, దాని నంబరు చెబితే చాలదా?"

కోడలు అత్తగారి బుగ్గ మీద చటుక్కున ముద్దు పెట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని. అత్తగారు "ఛ, ఛ, కీబోర్డు, కీబోర్డు" అంది, బుగ్గ మాత్రం తుడుచుకోలేదు.

ఇద్దరూ కలిసి రాశారు. 'మాట్లాడేవాళ్ళని దేశం అడగొద్దు. నంబరు ముందు కోడ్ అంకెలు మాత్రమే అడగండి. పేరు పక్కన కూడా అంకెలే చూపించండి. ఎవరి నేలని ఏమని పిలుచుకోవాలో వాళ్ళ నోటితో వాళ్ళని చెప్పుకోనివ్వండి, ఆ మాటలు మోయడానికే కదా ఈ యాప్.' చివరి వాక్యం కోడలిది. ఎక్కువైందేమోనని చెరపబోతే అత్తగారు చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. కానీ పంపేముందు ఒకసారి చదువు."

కోడలు చదవడం మొదలుపెట్టింది.

"పైనుంచి కాదు" అంది అత్తగారు.

*

లైబ్రేరియన్ గారు 'పంపాను' అన్నారు. యాప్ నడిపేవాళ్ళు 'చూస్తున్నాం' అన్నారు. ఆ తరువాత ఎవరూ ఏమీ అనలేదు. కోడలు బీన్స్ ఏరింది, కడిగింది, కూర పొయ్యి మీద పడేసింది. ఉప్పు వేశానా లేదా అని రెండుసార్లు రుచి చూసి, రెండోసారి కూడా మర్చిపోయింది. అత్తగారు మొహం కడుక్కుని, జడ వేసుకుని, గురువారం చీర కట్టుకుంది. అక్కగారు ఫోన్లో చూడకపోయినా ఆ చీరే కడుతుంది.

కిటికీలోంచి ఎండ వాలేవేళకి ఫోను చేతిలోకి తీసుకుంది. కోడలు గరిటె పట్టుకునే వచ్చి వెనక నిలబడింది. తెరుచుకుంటుందా?

తెరుచుకుంది.

అక్కగారి పేరు. దాని పక్కన, నిన్నటిదాకా ఒడ్డు పేరు ఉన్నచోట, దీవి పేరు.

పొద్దున కోడలు ఈ క్షణం కోసమే ఎదురుచూసింది. ఇప్పుడు చూడాలంటే భయంగా ఉంది. అయినా చూసింది. అత్తగారి మొహంలో వెలుగేమీ రాలేదు. ఆవిడ ఫోనుని కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని, ఎంతో సేపు, కొత్తగా చదువు నేర్చినవాళ్ళలా ఒక్కొక్క అక్షరం మీదా చూపు నిలిపి చదివింది. ఈసారి మొదటి నుంచి చివరికే. తరువాత బొటనవేలితో ఆ పేరు మీది దుమ్ము తుడిచింది. అక్కడ దుమ్మేం లేదు.

"అచ్చు బాగుంది" అంది. "తప్పుల్లేవు."

కోడలు ఆవిడ భుజం మీద గడ్డం ఆనించింది. ఇద్దరికీ తెలుసు, ఈ పేరు ఇలా ఇక్కడ ఎంతోసేపు ఉండదని. అది మారేలోపు యాప్ ఉండకపోవచ్చని కూడా తెలుసు.

"చెయ్యండత్తయ్యా. ఉండగానే మాట్లాడండి."

అత్తగారు అక్కగారి పేరు నొక్కింది. 'కలుపుతోంది' అని తెర మీద వచ్చింది. ఆ మాట పెట్టింది కూడా కోడలే. మొదట ఇంకేదో పొడుగాటి మాట రాస్తే, 'ఇది చదివేలోగా ఫోన్ కట్టయిపోతుంది' అని కొట్టేసింది రాయి గారు. ఇప్పుడు ఆ చిన్న మాటే ఎంతకీ అయిపోవడం లేదు. కలుపుతోంది. కలుపుతోంది. చప్పున ఆరిపోయింది.

అత్తగారు మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఆరిపోయింది.

"అయిపోయింది" అంది మెల్లగా. "మూసేసినట్టున్నారు."

కోడలు గరిటె కిటికీ గట్టు మీద పెట్టేసింది. క్షమించమనాలంటే ఆ మాట చాలా చిన్నదిగా కనబడింది. వంటింట్లో కూర అడుగంటుతున్న వాసన వస్తున్నా కదల్లేకపోయింది.

అప్పుడు మోగింది. ఫోనే. తెర మీద అక్కగారి పేరు.

అత్తగారు స్పీకరు నొక్కి, "అక్కా! ఏమైందే, రెండుసార్లు చేశాను" అంది ఒక్క గుక్కలో.

అటు నుంచి వచ్చింది అక్కగారి గొంతు కాదు. మగ గొంతు. మర్యాదగా, తొందరేమీ లేకుండా ఉంది. వెనక చాలామంది ఉన్నట్టు సందడి వినబడుతోంది. అది సంతోషమో, గొడవో, ఇంత దూరానికి తెలియడం లేదు.

"మీరు చెల్లెలుగారేనా అమ్మా?"

"అవును. మీరెవరు? మా అక్క ఫోను మీ దగ్గరెందుకుంది?"

"ఆవిడ క్షేమంగానే ఉన్నారు. ఇక్కడే, నా ఎదురుగానే కూర్చున్నారు. మాట్లాడిస్తాను. ముందు మీరు నాకొక్క సంగతి చెప్పాలి." ఎవరినో ఊరుకోమని చెప్పినట్టుంది, వెనక సందడి ఆగిపోయింది. "ఈ కొత్త పేరు పెట్టిన పిచ్చుక అనే మనిషి మీకు తెలుసని మీ అక్కగారు చెబుతున్నారు. ఎవరావిడ?"

కోడలు ముందుకి వంగింది. నోరు తెరవబోయింది. అత్తగారు వెనక్కి తిరక్కుండానే, ఎడమచేత్తో ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పిచ్చుకా?" అంది అత్తగారు ఫోనులోకి, గొంతులో ఏ తడబాటూ లేకుండా. "నేనే బాబూ. చెప్పండి."